తెలుగు వాక్యంలో ఒక మాటను పైథాన్‌తో వెతకడం ఎలా

ముందు ఈ రెండు వాక్యాలు చదవండి.

నిన్న రాత్రి కల వచ్చింది. కలలో కలెక్టర్ గారు కలం పట్టుకుని కలప డిపోకి వెళ్లారు.

ఇందులో "కల" అనే మాట ఎన్నిసార్లు వచ్చింది? తెలుగు చదవగలిగిన ఎవరైనా రెండుసార్లు అంటారు: ఒకటి "కల", రెండోది "కలలో". పైథాన్‌ని ఒక విధంగా అడిగితే 5 అంటుంది. ఇంకో విధంగా అడిగితే 3 అంటుంది, ఆ మూడింట్లో "కలలో" ఉండదు, కలెక్టర్ గారు మాత్రం ఉంటారు. మరో విధంగా అడిగితే 1 అంటుంది. మూడుసార్లూ ఎర్రర్ రాదు, హెచ్చరికా రాదు. జవాబు తప్పని మనకు తెలిసే దారే ఉండదు.

అందుకే ఈ పాఠం రాస్తున్నాను. ప్రోగ్రామింగ్ పుస్తకాల్లో స్ట్రింగ్‌లో (అక్షరాల వరసలో) మాట వెతకడం అనేది రెండు పేజీల్లో అయిపోతుంది. ఇంగ్లిష్ వాక్యాలకు ఆ రెండు పేజీలు దాదాపు సరిపోతాయి కూడా. తెలుగు పాఠం (వెతకాల్సిన రాత) చేతికొచ్చాక అవే పద్ధతులు మెల్లగా మోసం చేస్తాయి. నేనొకసారి ఒక చిన్న గ్రంథాలయం కోసం పుస్తకాల జాబితాలో వెతికే ప్రోగ్రామ్ రాశాను. "పెళ్లి" అని కొడితే కొన్ని పుస్తకాలు వచ్చాయి, అందరం సంతోషించాం. మిగతావి "పెళ్ళి" అని నమోదై ఉన్నాయని చాలా రోజుల తర్వాత ఒక పాఠకురాలు చెబితే తెలిసింది. అన్నాళ్లూ ఆ పుస్తకాలు అల్మరాలో ఉండి కూడా లేనట్టే.

కోడ్ గురించి ఒక మాట. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు ఎడిటర్‌లో కొట్టేటప్పుడు ఫైండ్, ఇన్, ప్రింట్ లాంటి పైథాన్ మాటలన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి; ట్రూ, ఫాల్స్, కౌంటర్ లాంటి కొన్నింటికి మాత్రం మొదటి అక్షరం పెద్దది. వేరియబుల్ పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో ఉంచుకోవచ్చు. పైథాన్ 3 వచ్చినప్పటి నుంచీ, అంటే 2008 నుంచీ, "వాక్యం" అన్నది చెల్లుబాటయ్యే పేరే.

మొదటి అడుగు: ఉందా లేదా, ఉంటే ఎక్కడ

పై రెండు వాక్యాలనూ "వాక్యం" అనే వేరియబుల్‌లో పెట్టుకోండి. ఉందో లేదో తెలిస్తే చాలు అనుకున్నప్పుడు ఇలా అడగాలి:

"కల" ఇన్ వాక్యం

జవాబు ట్రూ లేదా ఫాల్స్. ఎక్కువ సందర్భాల్లో మీకు కావలసింది ఇంతే. ఎక్కడుందో కూడా కావాలంటే:

వాక్యం.ఫైండ్("కల")

ఇది 13 అని చెబుతుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మాట అసలు లేకపోతే -1 వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే జారతారు: "ఇఫ్ వాక్యం.ఫైండ్("కల")" అని రాసేస్తారు. పైథాన్ దృష్టిలో సున్నా అంటే కాదు, మిగతా ఏ అంకె అయినా అవును. మాట వాక్యం మొదట్లోనే ఉంటే సున్నా వస్తుంది, ప్రోగ్రామ్ "లేదు" అనుకుంటుంది. అసలు లేకపోతే -1 వస్తుంది, ప్రోగ్రామ్ "ఉంది" అనుకుంటుంది. రెండూ తలకిందులే. అవును-కాదు ప్రశ్నకు ఇన్ వాడండి, స్థానం కావలసినప్పుడే ఫైండ్ వాడి, వచ్చినదాన్ని -1తో పోల్చి చూడండి.

ఇండెక్స్ అని ఇంకొకటి ఉంది. ఫైండ్ లాంటిదే, కానీ మాట దొరక్కపోతే వాల్యూఎర్రర్ అని ప్రోగ్రామ్‌ని ఆపేస్తుంది. మాట తప్పకుండా ఉండి తీరాలి, లేకపోతే పని ముందుకు సాగకూడదు అనుకున్న చోట అదే మంచిది. వెనక నుంచి వెతకడానికి ఆర్‌ఫైండ్ ఉంది. మొదట్లో ఉందా, చివర్లో ఉందా అని చూడడానికి స్టార్ట్స్‌విత్, ఎండ్స్‌విత్ ఉన్నాయి.

ఎన్నిసార్లు అన్నదానికి కౌంట్. వాక్యం.కౌంట్("కల") అంటే 5. ఇది ఒకదాని మీద ఒకటి పడే వాటిని విడిగా లెక్కపెట్టదు: "తాతాతా"లో "తాతా" ఎన్ని అంటే 1 అంటుంది, 2 అనదు.

ఖాళీ స్ట్రింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "" ఇన్ వాక్యం అంటే ఎప్పుడూ ట్రూ. వెతికే పెట్టెలో ఏమీ కొట్టకుండా బటన్ నొక్కితే మొత్తం జాబితా వచ్చి పడేది ఇందుకే. వెతకడం మొదలుపెట్టే ముందే అడిగిన మాటకు స్ట్రిప్ వేసి (అంటే అటూ ఇటూ ఉన్న ఖాళీలు తీసేసి), ఏమీ మిగలకపోతే అక్కడే ఆగిపోండి.

రెండో అడుగు: 13 ఎలా వచ్చింది?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుదాం, మిగతా పాఠమంతా దీని మీదే నిలబడింది.

"కల"కు ముందు కంటికి కనిపించేవి ని, న్న, ఖాళీ, రా, త్రి, ఖాళీ. ఆరే. పైథాన్ 13 అంటోంది. ఎందుకంటే అది చూసేది మనం బడిలో నేర్చుకున్న అక్షరాలను కాదు, యూనికోడ్ ముక్కలను. (యూనికోడ్ అంటే లిపుల్లోని ఒక్కో ముక్కకు ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం.) "నిన్న" అంటే దానికి న, గుడి, న, పొల్లు, న: అయిదు ముక్కలు. "రాత్రి" ఆరు ముక్కలు. మధ్యలో రెండు ఖాళీలు. మొత్తం 13. "తెలుగు" అన్న మాటకు ఎల్ఈఎన్ (పొడవు చెప్పే ఫంక్షన్) వేసి చూడండి, 6 వస్తుంది. "అమ్మ"కు 4 వస్తుంది.

ఇప్పుడు "కలెక్టర్" చూడండి. తెర మీద "లె" రాసినప్పుడు ల మీద ఎత్వం కూర్చుని దాని రూపం మారుతుంది. "ల" పోయి "లె" వచ్చిందని మన కన్ను అనుకుంటుంది. మెమరీలో మాత్రం "ల" ఎక్కడికీ పోలేదు, దాని పక్కన ఎత్వం అనే ఇంకో ముక్క చేరింది, అంతే. అంటే క, ల, ఎత్వం, క, పొల్లు... వరసగా క, ల ఉన్నాయి కాబట్టి "కల" దొరికింది. అందుకే "రామ" అని వెతికితే "రాముడు" దొరుకుతుంది, "పాల" అని వెతికితే "పాలు"తో పాటు "పాలెం" కూడా వస్తుంది.

దీనివల్ల ఒక మేలు కూడా ఉంది. విభక్తి ప్రత్యయాలు చేరినప్పుడు మాట చివరి గుణింతం మారుతుంది కదా. చివరి గుణింతం తీసేసి వెతికితే చాలా రూపాలు ఒకేసారి వలలో పడతాయి. "పాలు" అని వెతికితే "పాలలో" దొరకదు. "పాల" అని వెతికితే రెండూ దొరుకుతాయి.

అచ్చుల దగ్గర మాత్రం ఇది ఎదురు తిరుగుతుంది. "అదేమిటి"లో "ఏమిటి" ఉందా? వినే చెవికి ఉంది. పైథాన్‌కు లేదు. "ఏ" అనే అచ్చు ఒక ముక్క, ఏత్వం గుర్తు వేరే ముక్క, ఈ రెంటికీ సంబంధం ఉందని దానికి తెలియదు. "రామయ్య"లో "అయ్య" కూడా ఇలాగే దొరకదు. సంధి జరిగిన ప్రతిచోటా ఈ ఇబ్బంది పొంచి ఉంటుంది. దీనికి చాలావరకు మందు నాలుగో అడుగులో ఉంది.

మూడో అడుగు: వెతికే ముందు పాఠాన్ని కడగండి

బియ్యం కడగకుండా ఎసట్లో పోయం. ఇదీ అంతే. వెతికే పాఠాన్నీ, వెతుకుతున్న మాటనూ ఒకే నీళ్లలో కడగాలి. ఒకటి కడిగి ఇంకోటి వదిలేస్తే అసలే కలవవు.

ఫైల్ తెరిచేటప్పుడే అక్షరాలను అందులో దాచిన పద్ధతి ఏదో, అంటే ఎన్‌కోడింగ్ చెప్పండి. విండోస్‌లో చెప్పకుండా తెరిస్తే తెలుగు అక్షరాల చోట పిచ్చి గుర్తులు రావచ్చు, లేదా ప్రోగ్రామే ఆగిపోవచ్చు. నేను "యూటీఎఫ్-8-సిగ్" అని రాస్తాను. కొన్ని ఎడిటర్లు ఫైల్ మొదట్లో కంటికి కనిపించని ఒక గుర్తును పెడతాయి. మామూలు యూటీఎఫ్-8తో తెరిస్తే ఆ గుర్తు మొదటి మాటకు అతుక్కుని ఉంటుంది, స్టార్ట్స్‌విత్ ఫాల్స్ అంటుంది, ఎందుకో అర్థం కాదు. చివర్లో ఆ "సిగ్" ఉంటే పైథాన్ ఆ గుర్తును తీసేసి ఇస్తుంది. గుర్తు లేని ఫైల్ అయినా నష్టం లేదు.

పాఠం యూనికోడ్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పత్రికలు, శుభలేఖలు, కరపత్రాలు తెర మీద చక్కటి తెలుగులా కనిపిస్తాయి. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే, వాటికి తెలుగు బొమ్మ తొడిగారు. అందులో ఏ తెలుగు మాటా దొరకదు. ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, వేరే దారి లేదు.

ఆ తర్వాత ఐత్వం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే ముక్కగా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. ఒక ఫైల్‌లోని "హైదరాబాద్" ఇంకో ఫైల్‌లోని "హైదరాబాద్"తో సమానం కాదని పైథాన్ అంటే నమ్మబుద్ధి కాదు. పైథాన్‌తో పాటే వచ్చే యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌ను "ఎన్ఎఫ్‌సీ" అనే పద్ధతితో నడిపిస్తే అన్నీ ఒకే ముక్కకు వస్తాయి.

ఇక కనిపించని అతుకు. "సాఫ్ట్‌వేర్" అని కొట్టేటప్పుడు "ట్" కింద "వ" ఒత్తుగా పడకుండా మధ్యలో ఒక గుర్తు పెడతాం. దాని సంఖ్య 8204. ఒకరు పెడతారు, ఇంకొకరు పెట్టకుండా "సాఫ్ట్వేర్" అని వదిలేస్తారు, మూడో వ్యక్తి "సాఫ్ట్ వేర్" అని విడగొడతారు. వార్తలు, ఉద్యోగ ప్రకటనలు, సినిమా పేర్లు ఎక్కడ వెతికినా ఇదే పెద్ద ఇబ్బంది, ఎందుకంటే ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటల్లో సగం పొల్లులతోనే ఉంటాయి. రిప్లేస్‌తో తీసేయండి:

శుభ్రం = వాక్యం.రిప్లేస్(సీహెచ్ఆర్(8204), "")

సంఖ్య ఇస్తే ఆ ముక్కను ఇచ్చేది సీహెచ్ఆర్. కనిపించని ఇంకో గుర్తు 8205ను కూడా ఇలాగే తీసేయండి. మూడో రకానికి, అంటే ఖాళీతో విడగొట్టినదానికి, వెతికే నమూనాలోనే (ఇది నాలుగో అడుగులో వస్తుంది) "సాఫ్ట్ ?వేర్" అని ఖాళీ పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. ఆ ఖాళీ ఉన్నా లేకున్నా ఫర్వాలేదని దానర్థం.

చివరగా రాతలో తేడాలు. "ళ్ళ"ను "ళ్ల"గా మార్చేస్తే పెళ్ళి-పెళ్లి, వాళ్ళు-వాళ్లు, వెళ్ళారు-వెళ్లారు అన్నీ ఒక్క దెబ్బతో కలుస్తాయి. గుణింతం గుర్తు తర్వాతే వస్తుంది కాబట్టి ఒక్క రిప్లేస్ చాలు. పాత పుస్తకాల్లో వెతుకుతుంటే అరసున్న తీసేయాలి (దాని సంఖ్య 3073), అప్పుడు "వాఁడు" కూడా "వాడు" అవుతుంది. బండి ఱను మామూలు రగా మారిస్తే "చెఱువు" వెతికినవారికి "చెరువు" దొరుకుతుంది, "గుర్రం" వెతికినవారికి "గుఱ్ఱం" దొరుకుతుంది. తొందరలో కొట్టిన పాఠాల్లో సున్నా చోట తెలుగు అంకె ౦ పడి ఉండడం కూడా చూస్తాం: "సంగతి"కి బదులు "స౦గతి". ముందున్నది అంకె కాకుండా అక్షరమైన చోట మాత్రమే దాన్ని ం చేయండి, లేకపోతే నిజమైన అంకెలు పాడవుతాయి.

అసలు పాఠాన్ని మాత్రం ముట్టుకోకండి. కడిగిన ప్రతిని వెతకడానికి వాడండి, చూపించేటప్పుడు అసలుదే చూపించండి. బండి ఱ రాసిన రచయిత దాన్ని ఊరికే రాయలేదు. ఒక చిక్కు ఉంది: కడిగినప్పుడు ముక్కలు తగ్గుతాయి కాబట్టి కడిగిన ప్రతిలో 40వ స్థానం అసలులో 40 కాకపోవచ్చు. వరస వరసగా కడిగి, ఏ వరసలో దొరికిందో గుర్తుపెట్టుకుని, అసలులో అదే వరసను చూపిస్తే ఈ చిక్కు తప్పుతుంది.

నాలుగో అడుగు: పదం హద్దు మీరే గీయండి

ఇప్పుడు నమూనా ఇచ్చి వెతికే పద్ధతి, అంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు. పైథాన్‌లో ఆర్ఈ అనే మాడ్యూల్. "మాటను మాటగానే వెతుకు, ఇంకో మాటలో ముక్కగా కాదు" అని చెప్పడానికి ప్రతి పుస్తకమూ ఒకే చిట్కా నేర్పుతుంది: మాటకు అటూ ఇటూ బ్యాక్‌స్లాష్ బి పెట్టమని. అది పదం హద్దు గుర్తు. మన వాక్యాల మీద "కల"కు అటూ ఇటూ పెట్టి నడపండి. 3 వస్తాయి. అవి ఏవేవంటే: కల, కలెక్టర్‌లోని కల, కలంలోని కల.

కారణం ఇది. ఆర్ఈ దృష్టిలో పదమంటే అక్షరాలు, అంకెలు, కింది గీత. తెలుగు హల్లులూ అచ్చులూ అక్షరాలే అని దానికి తెలుసు. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా మాత్రం దాని లెక్కలో అక్షరాలు కావు. అంటే "కలెక్టర్"లో ల అయ్యాక ఎత్వం రాగానే దానికి పదం అయిపోయింది. "కలం"లో సున్నా రాగానే అయిపోయింది. "కలలో" దగ్గర ల పక్కన ఇంకో ల ఉంది కాబట్టి హద్దు కనబడలేదు, వదిలేసింది. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ, కూడిక గుర్తు కలిపి (అంటే వరసగా ఎన్ని పదాక్షరాలుంటే అన్ని) "తెలుగు" అన్న మాట మీద దొరికినవన్నీ ఇచ్చే ఫైండాల్ నడిపితే త, ల, గ అని మూడు ముక్కలు విడివిడిగా వస్తాయి. ఒక భాషను ఇలా ముక్కలు చేసే సాధనాన్ని అలాగే వాడేసి ఎన్ని మాటలున్నాయో లెక్క చెబితే ఆ లెక్కకు విలువ లేదు.

కాబట్టి హద్దు మనమే గీయాలి. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా చోటు ఇచ్చారు. హల్లులు, అచ్చులు, గుణింతాలు, పొల్లు, సున్నా అన్నీ అందులోనే ఉన్నాయి. "ముందు తెలుగు ముక్క ఉండకూడదు, తర్వాత తెలుగు ముక్క ఉండకూడదు" అని చెబితే చాలు:

తెలుగు = "[" + సీహెచ్ఆర్(3072) + "-" + సీహెచ్ఆర్(3199) + "]"
ముందు = "(?<!" + తెలుగు + ")"
తర్వాత = "(?!" + తెలుగు + ")"
ఆర్ఈ.ఫైండాల్(ముందు + "కల" + తర్వాత, వాక్యం)

1 వస్తుంది, అదీ సరైన "కల". ఖాళీ, చుక్క, కామా, కొటేషన్ గుర్తు అన్నీ ఈ గీతకు బయటే ఉన్నాయి కాబట్టి వాటి గురించి విడిగా ఆలోచించనక్కర్లేదు. పద్యాల చివర పెట్టే నిలువు గీత (।) యూనికోడ్‌లో దేవనాగరి విభాగంలో ఉంది, అదీ బయటే. 8204 కూడా బయటే ఉండడం మాత్రం మనకు నష్టం, అందుకే మూడో అడుగులో దాన్ని ముందే తీసేశాం.

ఇక "కలలో" కూడా రావాలి. ప్రత్యయాలు చెప్పండి:

ముందు + "కల(?:లో|లు|ను|కి|కు|తో|లను|లకు|లలో)?" + తర్వాత

2 వస్తాయి. మొదట్లో మనిషి చెప్పిన జవాబు ఇదే. బ్రాకెట్ లోపల మొదట ఉన్న ?: గుర్తును మరిచిపోకండి. అది లేకపోతే ఫైండాల్ మాట మొత్తాన్ని ఇవ్వదు, బ్రాకెట్‌లో పడ్డ ప్రత్యయాన్ని మాత్రమే ఇస్తుంది.

సంధిలో కరిగిపోయిన అచ్చుకు మందు ఇక్కడే చెబుతాను. చదరపు బ్రాకెట్‌లో అచ్చునూ దాని గుణింతపు గుర్తునూ రెంటినీ పెట్టండి: [ఏే]మిటి. ఇది "ఏమిటి", "అదేమిటి", "ఇదేమిటి" అన్నింటినీ పట్టుకుంటుంది. అలాగే [ఎె]క్కడ అంటే "ఎక్కడ", "ఇదెక్కడ" రెండూ వస్తాయి. గుర్తు ఒంటరిగా ఉండడంతో ఎడిటర్ దాన్ని చుక్కల వలయం మీద చూపించవచ్చు, లేదా ముందున్న అచ్చుకు అతికించి చూపించవచ్చు. కంగారు పడకండి, కోడ్ సరిగ్గానే నడుస్తుంది.

వెతికే మాటను మీరు కాకుండా ఇంకెవరో పెట్టెలో కొడుతుంటే ఆర్ఈ.ఎస్కేప్‌తో దాన్ని చుట్టండి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో చుక్క అంటే ఏ ముక్క అయినా సరే అని. పద్దుల్లో "రూ." అని వెతికిన మనిషికి "రూపం", "రూలు" వచ్చి పడితే ఆ మనిషి తప్పు కాదు.

ఇదంతా రాసుకునే ఓపిక లేకపోతే రీజెక్స్ అనే మాడ్యూల్‌ను పిప్‌తో వేసుకోండి. అది గుణింతపు గుర్తుల్నీ పదంలో భాగంగానే చూస్తుంది, కాబట్టి బ్యాక్‌స్లాష్ బి అందులో తెలుగుకూ పనిచేస్తుంది. బ్యాక్‌స్లాష్, పెద్ద ఎక్స్ కలిసిన గుర్తుతో మనం కంటితో చూసే అక్షరాలుగా కూడా విడగొడుతుంది: "తెలుగు" దానికి మూడే. అయినా ఒకసారి పైన చెప్పినట్టు చేత్తో గీయమనే నేను చెబుతాను. లోపల ఏం జరుగుతోందో తెలిసినవారికి రేపు వేరే భాషలో రాయాల్సి వచ్చినా దారి తెలుస్తుంది. జావాస్క్రిప్ట్‌లో బ్యాక్‌స్లాష్ బి ఇంకా ఘోరం: దానికి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కింది గీత తప్ప ఇంకేవీ పదాలే కావు, కాబట్టి అక్కడ తెలుగు "కల" చుట్టూ ఖాళీలున్నా దొరకదు. మనం గీసిన ముందు-తర్వాత హద్దులు అక్కడా పనిచేస్తాయి.

అయిదో అడుగు: పెద్ద వల వేసి ఏరుకోండి

ప్రత్యయాల జాబితా ముందే రాయాలంటే ఎవరికీ అన్నీ గుర్తుకు రావు. కాబట్టి తిరగేసి చేయండి. మొదట ఆ మొదలుతో వచ్చే మాటలన్నీ రాబట్టండి:

ఆర్ఈ.ఫైండాల్(ముందు + "కల" + తెలుగు + "*", పాఠం)

వచ్చినవాటిని కలెక్షన్స్ మాడ్యూల్‌లోని కౌంటర్‌లో పోయండి. ఏ రూపం ఎన్నిసార్లు వచ్చిందో ఎక్కువ నుంచి తక్కువకు జాబితా వస్తుంది. ఆ జాబితాను కూర్చుని చదవండి. పది నిమిషాల పని. ఏవి కావాలో, ఏవి వద్దో అప్పుడు కళ్లెదుట కనిపిస్తాయి, మీరు ఊహించని రూపాలూ దొరుకుతాయి. నేను "ఊరు" అని వెతకాల్సి వచ్చినప్పుడు ఇలాగే చేశాను. ఊరంతా, ఊరికి, ఊళ్లో, ఊర్లో, ఊళ్లకు... వీటిలో "ఊరు" అన్న రూపం ఒక్కదాంట్లోనూ లేదు. "ఊర", "ఊళ్ల" అని వలలు వేస్తే ఊరగాయ, ఊరడించడం, ఊరట కూడా పడ్డాయి. వాటిని చూసి తీసేయడం తేలిక. అసలు పడనివాటిని తెలుసుకోవడమే కష్టం. అందుకే వల ఎప్పుడూ పెద్దదే వేయాలి.

ముందు హద్దును కూడా ఒకసారి తీసేసి చూడండి. "పగటికల" అని కలిపి రాసినవారి మాట అప్పుడే బయటపడుతుంది.

దొరికినదాన్ని ఒంటరిగా చూడకుండా అటూ ఇటూ కొంత మేర చూపించుకోండి. ఫైండాల్ బదులు ఫైండిటర్ వాడితే ప్రతి దొరుకుడుకూ స్టార్ట్, ఎండ్ స్థానాలు వస్తాయి. అక్కడి నుంచి 30 ముక్కలు వెనక్కి, 30 ముక్కలు ముందుకు కోస్తే సరిపోతుందనిపిస్తుంది కానీ, కోత సరిగ్గా గుణింతం దగ్గర పడితే గుర్తు ఒకటి గాలిలో వేలాడుతుంది. ఖాళీ దాకా జరపండి:

ఎడమ = మ్యాక్స్(0, స్టార్ట్ - 30)
ఎడమ = పాఠం.ఆర్‌ఫైండ్(" ", 0, ఎడమ) + 1

వెనక ఖాళీ లేకపోతే ఆర్‌ఫైండ్ -1 ఇస్తుంది, దానికి 1 కలిపితే 0, అంటే పాఠం మొదలు. విడిగా ఇఫ్ రాయనక్కర్లేదు. కుడివైపు ఫైండ్‌తో ఇలాగే జరపండి, అక్కడ మాత్రం -1 వస్తే పాఠం చివర అని చెప్పాలి.

ఈ సందర్భం ఎందుకు చూడాలంటే, "ధైర్యం కల మనిషి"లో కూడా "కల" ఉంది. రాతలో అది నిద్రలో వచ్చే కలకు ఏ తేడా లేకుండా ఉంది. ఏ నమూనా కూడా దాన్ని విడదీయలేదు. పక్క మాటలు చూసి మీరే తేల్చాలి.

రెండు మాటలు కలిపి వెతికేటప్పుడు మధ్య ఖాళీని నమ్మకండి. "నిన్న రాత్రి" అన్నది వరస చివర విరిగి ఉండొచ్చు, మధ్యలో రెండు ఖాళీలు ఉండొచ్చు. పాఠానికి స్ప్లిట్ వేసి, మళ్లీ ఒక్కో ఖాళీతో జాయిన్ చేస్తే అన్నీ ఒక్క ఖాళీకి వస్తాయి. మధ్యమధ్య ఇంగ్లిష్ మాటలున్న పాఠమైతే రెండువైపులా కేస్‌ఫోల్డ్ వేయండి. తెలుగులో పెద్దబడి చిన్నబడి లేవు కాబట్టి తెలుగుకు అది ఏ హానీ చేయదు.

వేగం గురించి

ఒక నవలంత పాఠంలో ఒక మాట వెతకడానికి వేగం గురించి ఆలోచించకండి. 1977లో బోయర్, మూర్ ఒక పద్ధతి కనిపెట్టారు: మాటను చివరి అక్షరం నుంచి పోల్చడం, పోలిక కుదరకపోతే ఒక్కో అడుగు కాకుండా ఒకేసారి కొన్ని అడుగులు దూకడం. పైథాన్‌లోని ఇన్, ఫైండ్ ఆ కుటుంబానికి చెందిన పద్ధతులతోనే నడుస్తాయి. మీరు లూప్ రాసుకుని ఒక్కో అక్షరం పోల్చితే అంతకంటే నెమ్మదిగానే ఉంటుంది. వేల మాటలను ఒకేసారి వెతకాల్సి వస్తే మాత్రం పాఠాన్ని ముందే మాటలుగా విడగొట్టి సెట్‌లో వేసుకోండి. మాట మొత్తంగా కాకుండా ముక్కలుగా కావాలంటే 1975లో ఆహో, కొరాసిక్ ఇచ్చిన పద్ధతి ఉంది, పాఠాన్ని ఒక్కసారి చదివి అన్ని మాటలనూ పట్టేస్తుంది.

ఆరో అడుగు: పరీక్ష పెట్టండి

వెతికే ఫంక్షన్ తయారయ్యాక దాని పక్కనే చిన్న పరీక్షల జాబితా ఒకటి ఉంచండి. ఎడమవైపు వాక్యం, కుడివైపు ఎన్ని రావాలో అంకె. "కల" కోసం నేను పెట్టుకునేవి ఇవి: "కల వచ్చింది" అంటే 1, మాట మొదట్లోనే ఉంది కాబట్టి. "కలెక్టర్ వచ్చారు" 0. "కలం విరిగింది" 0. "కలలో కూడా" 1. "కల, నిజం" 1, కామా అతుక్కుని ఉంది కాబట్టి. "పగటికల" దగ్గర ఎంత రావాలో మీ పనిని బట్టి మీరే నిర్ణయించి రాయండి. ఖాళీ పాఠం 0. "పెళ్లి" కోసమైతే "పెళ్ళిళ్ళు", "పెళ్లిళ్లు" పక్కపక్కన పెట్టి రెంటికీ ఒకే అంకె వస్తోందో లేదో చూడండి. ఐత్వాన్ని రెండు ముక్కలుగా రాసిన "హైదరాబాద్" ఒకటి, 8204 ఉన్న "సాఫ్ట్‌వేర్" ఒకటి, లేని "సాఫ్ట్వేర్" ఒకటి కూడా చేర్చండి. వీటిని కంటితో చూసి తేడా చెప్పలేం కాబట్టి సీహెచ్ఆర్‌తో ముక్కలు కూర్చి తయారు చేయాలి.

వాడేవారెవరైనా "ఫలానాది ఉంది కానీ దొరకలేదు" అని చెప్పినప్పుడల్లా ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు, కాపీ చేసి, ఈ జాబితా చివర అతికించండి. తిరిగి టైప్ చేయకండి. టైప్ చేస్తే మీ కీబోర్డు రాసే తీరులో వస్తుంది, వాళ్ల దగ్గర దొరకని కారణం అందులో చెరిగిపోతుంది.